తయారైన రెక్క

పోయిన వారం మనం బంగార్రాజుని హెలికాప్టర్ రెక్క ముందు నిలబెట్టి, చేతిలో పాత రూపాయి బిళ్ల పైకెత్తించి, అక్కడే వదిలేసి ఎవరిళ్లకు వాళ్లం వెళ్లిపోయాం. వారం రోజులుగా ఆ చెయ్యి అలాగే గాల్లో ఉంది. డెబ్బై రెండేళ్ల మనిషి, భుజం లాగేస్తుంది. కథ సంగతి తర్వాత, ముందు ఆ చెయ్యి దింపుదాం.

దింపే లోపల, పోయిన వారం పత్రికని పక్కింటివాళ్లు పట్టుకెళ్లి తిరిగివ్వనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. రెండు వేల మూడు గోదావరి పుష్కరాలు వెళ్లిన మరుసటి ఏడు ఇది. రాజమండ్రి శివార్లలో ఒక కంపెనీవారి హెలికాప్టర్ల షెడ్డు. సముద్రంలో చమురు తవ్వే రిగ్గు మీదికి మనుషుల్ని మోసుకెళ్లడం, పద్నాలుగు రోజుల డ్యూటీ అయ్యాక మళ్లీ మోసుకొచ్చి ఇళ్లకు అప్పగించడం వాటి పని. ఆ షెడ్డు గేటు దగ్గర కొబ్బరిబొండాలు అమ్మేవాడు బంగార్రాజు. అంతకు ముందు నలభై ఏళ్లు అంబాజీపేటలో కురిడీ కొబ్బరి వ్యాపారుల దగ్గర కాయలు ఏరాడు. ఏడాది పాటు అటక మీద ఎండిన కాయని కొట్టకుండా, ఒలవకుండా, వేలితో తట్టి లోపలి సంగతి చెప్పేవాడు. ఆ చెవికి కోనసీమలో పేరుంది. పేరు లేకపోతే తనే తెచ్చేవాడు, అది వేరే సంగతి.

షెడ్డులో పెద్ద టెక్నీషియన్ ఆశీర్వాదం గారు. ముప్ఫై ఏళ్ల అనుభవం. ఎవరు మాట్లాడినా రెప్ప వెయ్యకుండా వాళ్ల నోటివంకే చూస్తారు. ఎంత శ్రద్ధో అని అందరూ మెచ్చుకుంటారు. రెక్కని బిళ్లతో తట్టి చూసి, బాగుందో లేదో రిజిస్టర్లో రాసి సంతకం పెట్టడం ఆయన పని. ఆ పని ఉన్న రోజున గేటు దగ్గరి బొండాల మనిషిని లోపలికి ఎందుకు పిలుస్తారో మాత్రం ఎవరికీ తెలీదు. స్నేహం అని కొందరు, బొండాం రుచి అని కొందరు అనుకున్నారు.

మూడు రోజుల క్రితం బెంగుళూరు నుంచి సుప్రియ అనే ఇంజనీరు రెండు పెట్టెలతో దిగింది. పెద్దాపురం పిల్ల. ఆ పెట్టెల్లో ఉన్న యంత్రం మనిషి చెవికి అందని శబ్దాన్ని రెక్కలోకి పంపి, లోపల ఏముందో బొమ్మ గీసి చూపిస్తుందట. ఆ ‘ట’ దగ్గరే బంగార్రాజుకి ఒళ్లు మండింది. పందెం వేశాడు. షెడ్డులో స్టాండ్ల మీద పడుకోబెట్టిన స్పేరు రెక్కని ముందు తను తడతాడు, తర్వాత యంత్రం చూస్తుంది. యంత్రం ఓడితే, పందొమ్మిది వందల యాభై మూడు గోదావరి వరదల్లో తను చేసిన ఘనకార్యం కథని సుప్రియ మొదటి నుంచి చివరిదాకా కూర్చుని వినాలి. తను ఓడితే ఆ కథ జన్మలో ఇంకెవరికీ చెప్పకూడదు. షెడ్డులో ఉన్న పదిహేను మందీ యంత్రం గెలవాలని మొక్కుకోవడానికి కారణం ఆ రెండో షరతే.

ఇంకొక్క ముక్క, ఇది మర్చిపోకండి. ఆ రోజు పన్నెండింటికి రెండో నంబరు హెలికాప్టర్ రిగ్గు నుంచి పదకొండు మందిని తీసుకుని రావాలి. అందులో బంగార్రాజు అల్లుడు బుల్లిబాబు ఉన్నాడు. పద్నాలుగు రోజుల తర్వాత వస్తున్న మొగుడి కోసం కూతురు నాగదుర్గ పొద్దున్నే చింతచిగురూ రొయ్యలూ పొయ్యి మీద పెట్టింది.

ఇక చెయ్యి దింపుదాం.

టంగ్.

బిళ్ల రెక్క మొదట్లో తగిలింది. బంగార్రాజు కళ్లు మూసుకున్నాడు. రెండు వేళ్ల మధ్య బిళ్లని వదులుగా పట్టుకుని, బెత్తెడు బెత్తెడు జరుగుతూ తట్టుకుంటూ పోయాడు. టంగ్, టంగ్, టంగ్. ప్రతి దెబ్బా ఒకే బరువుతో పడుతోంది. షెడ్డులో ఫ్యాను ఆపించారు. మే నెల వేడికి అందరి చొక్కాలూ వీపుకి అంటుకుపోయినా ఎవరూ కదల్లేదు.

రెక్క చివరికి ఇంకా నాలుగు మూరలు ఉందనగా, టప్.

బంగార్రాజు కళ్లు తెరవలేదు. మళ్లీ తట్టాడు. టప్, టప్, టప్, టంగ్. వెనక్కి వచ్చాడు. టప్. మొలలోంచి కొబ్బరిపీచు పురి తీసి, రెక్క చివర నుంచి కొలుచుకుని, టప్ మొదలైన చోటికి ఒక ముడి, టప్ అయిపోయిన చోటికి ఇంకో ముడి వేశాడు. పురిని ఉండ చుట్టి మేనేజరు భానుతేజ చేతిలో పెట్టాడు. భానుతేజ నిడదవోలు నుంచి రోజూ రైల్లో వస్తాడు. మే నెలలో కూడా టై కట్టుకుంటాడు. షెడ్డు మొత్తానికి జవాబుదారీ అతనే.

“జేబులో పెట్టుకోండి మేనేజరు గారూ. అమ్మాయిగారి యంత్రం చెప్పేదాకా బయటికి తియ్యొద్దు.”

“దీంట్లో ఏముందండీ?”

“నా పరువుందండీ. కిందపడెయ్యకండి.”

సుప్రియ పెట్టెలు తెరిచింది. రెక్క మీద అటూ ఇటూ కదిలే సన్నటి పట్టాలు బిగించింది, వాటికి వేలెడంత బిళ్ల తగిలించింది, ల్యాప్‌టాప్‌కి తీగ కలిపింది. ఇదంతా అరగంట పని. అరగంట ఖాళీ దొరికితే బంగార్రాజు ఊరుకుంటాడా?

“ఇంకా ఓడలేదు కాబట్టి చెప్పుకోవచ్చు,” అని స్టూలు లాక్కున్నాడు. “యాభై మూడు వరదలండీ. కోటిపల్లి దగ్గర ఒకాయన ఇల్లు ఇల్లంతా కొట్టుకుపోయింది. అటక మాత్రం విడివడి, పడవలాగా గోదాట్లో తేలుకుంటూ వస్తంది. దాని నిండా కురిడీ కాయలు. నేను గట్టు మీద కూర్చున్నాను. అల కొడుతుంటే కాయలు ఒకదానికొకటి తగులుతున్నాయి. గట్టు మీంచి వినే చెప్పేశాను. నాలుగొందల పదమూడు కాయలున్నాయండీ, మూడొందల ఎనభై తయారైనాయి, ముప్ఫై మూడు తయారవలేదూ అని.”

“పడవలేసుకెళ్లి లెక్కపెట్టారు,” అన్నాడు వెనకనుంచి ఒక మెకానిక్, పాఠం అప్పజెప్పినట్టు.

“లెక్కపెట్టారండీ. నాలుగొందల పన్నెండే ఉన్నాయి. ఒకటి తగ్గింది. నా పరువు గోదాట్లో కలిసిపోయింది. తీరా చూస్తే ఆ ఒక్కటీ కాయ కాదు. అటక మీద ఇంటాయన మావగారు ఇరుక్కుపోయి ఉన్నాడు. అలకి ఊగినప్పుడల్లా ఆయన గుండు వాసానికి తగులుతోంది.” బంగార్రాజు కండువాతో మెడ తుడుచుకున్నాడు. “నేనేం తప్పు చెప్పలేదండి మరి. ఆ తలకాయ తయారవలేదనే చెప్పాను. లోపల ఇంకా నీళ్లున్నాయి.”

సుప్రియ నవ్వు ఆపుకోలేక చేతిలోని సీసా కింద పెట్టింది. పెద్దాపురం మరిడమ్మ జాతరలో పెరిగిన పిల్ల, ఇలాంటి తాతలు కొత్తేం కాదు. మళ్లీ సీసా తీసుకుని రెక్క మీద చల్లటి జెల్ పూయడం మొదలుపెట్టింది.

“మా నాగదుర్గ కడుపుతో ఉన్నప్పుడు రాజమండ్రి ఆస్పత్రిలో ఇలాంటి జిగురే పూశారు,” అన్నాడు బంగార్రాజు తొంగిచూస్తూ. “రెక్కకి ఎన్నో నెలమ్మా?”

“మీరే చెప్పాలి తాతగారూ, తట్టి చూసింది మీరు కదా.”

“అది సరే. ఈ జిగురెందుకు?”

సుప్రియ ఒక్క క్షణం ఆలోచించింది. “ఈ గట్టున నిలబడి అవతలి గట్టు పడవవాణ్ణి కేకేశారనుకోండి. కేక అవతలి గట్టుకి తగిలి తిరిగొస్తుంది కదా.”

“గొంతుని బట్టి. నాదైతే కొవ్వూరు దాటేసి పోతుంది.”

“మధ్యలో లంక ఉంటే?”

“లంకకి తగిలి ముందే వచ్చేస్తుంది.”

“ఇదీ అంతే. ఈ బిళ్ల సెకనుకి లక్షలసార్లు ఊగే కేకని రెక్కలోకి పంపుతుంది. రెక్క బాగుంటే కేక అడుగుదాకా వెళ్లి తిరిగొస్తుంది. లోపల పొరలు విడిపోయి సందులో గాలి చేరిందనుకోండి, ఈ కేక గాలిని దాటలేదు. వెంట్రుక మందం గాలి చాలు, దానికి గోడే. ముందే వెనక్కి వచ్చేస్తుంది. ఎంత ముందు వచ్చిందో కొలిస్తే ఎంత లోతులో విడిపోయిందో తెలుస్తుంది. బిళ్లకీ రెక్కకీ మధ్య గాలి ఉంటే అసలు లోపలికే పోదు, అందుకే జెల్.”

బంగార్రాజు వేలికి కాస్త జెల్ అంటించుకుని వాసన చూశాడు.

యంత్రం కదిలింది. చిన్న బిళ్ల రెక్క మీద ఈ అంచు నుంచి ఆ అంచుకి నెమ్మదిగా జరిగింది, వెంట్రుకవాసి కిందికి దిగింది, మళ్లీ వెనక్కి జరిగింది. ల్యాప్‌టాప్ తెర మీద పైన ఒక నీలి గీత పడింది. దాని కింద ఇంకొకటి. మగ్గం మీద పోగు పక్కన పోగు పడి చీర పెరిగినట్టు నీలం పెరుగుతోంది. అంతా నీలమే. పావుగంట గడిచింది. ముందు నిలబడ్డవాళ్లు కూర్చున్నారు. భానుతేజ గోడ గడియారం చూశాడు. పదకొండు ఇరవై.

“ఇది రెక్కని చూస్తందా, ఆకాశాన్ని చూస్తందా?” అన్నాడు బంగార్రాజు.

అప్పుడే నీలం మధ్య ఒక పసుపు చుక్క పడింది.

తర్వాతి గీతలో చుక్క గింజంత అయింది. ఆ తర్వాత పసుపు చీలి నారింజ వచ్చింది, నారింజలోంచి ఎరుపు. బిళ్ల వెళ్లొచ్చినప్పుడల్లా ఇంకో వరస పెరుగుతోంది. స్టూళ్ల మీద కూర్చున్నవాళ్లు తమకు తెలియకుండానే లేచారు. ఒక రేకు తేలింది. దానికి కాస్త పక్కకి తిరిగి ఇంకో రేకు. ఇంకొంత తిరిగి మూడోది. ఇంకో పావుగంటలో తెర మీద, ఆ నీలాకాశం నడుమ, చెయ్యంత పువ్వు విచ్చుకుంది.

పైన రెక్క మీద చూస్తే తెల్లటి రంగు. గీత లేదు, సొట్ట లేదు, గోరు పెట్టి రాసినా ఏమీ తగలదు.

“ఇది పై నుంచి చూసింది,” అంది సుప్రియ. గొంతు తగ్గించి మాట్లాడుతోంది, గర్భగుడిలో మాట్లాడినట్టు. “ఇప్పుడు పొర తీసి పొర చూపిస్తాను.”

ఆమె ఒక మీట నొక్కింది. పువ్వులో ఒక్క రేకే మిగిలింది. “ఇది పై పొర కింద.” మళ్లీ నొక్కింది. ఆ రేకు పోయి దాని పక్కది వచ్చింది, కొంచెం తిరిగి, కొంచెం పెద్దదై. మళ్లీ. మళ్లీ. లోపలికి దిగినకొద్దీ రేకు గడియారం ముల్లులా తిరుగుతూ, పెరుగుతూ పోయింది.

“గాజు నారతో చేసిన బట్టల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి అంటిస్తే ఈ రెక్క. ఒక్కో బట్ట నార ఒక్కో దిక్కుకి ఉంటుంది. ఎప్పుడో ఏదో తగిలింది. పిట్ట కావచ్చు, ఎవరి చేతిలోంచో జారిన పానా కావచ్చు. పైన మచ్చ కూడా పడలేదు. లోపల మాత్రం ప్రతి పొరా తన నార ఎటు ఉంటే అటు విడిపోయింది. అందుకే ఇలా రేకులు.”

భానుతేజ జేబులోంచి పురి తీశాడు. సుప్రియ ఒక చివర రెక్క కొసకి ఆనించి పట్టుకుంది, అతను రెండో చివర. తెర మీది కొలత ప్రకారం మొదటి ముడి సరిగ్గా పువ్వు మొదలైన చోట పడింది. వేలు వాసి తేడా లేదు. మెకానిక్కులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వరదల కథ వాళ్ల నెత్తిన పడేలా ఉంది. రెండో ముడి దగ్గరికి వచ్చేసరికి సుప్రియ ఆగింది. ముడి పడిన చోట పై రేకులు అయిపోయాయి. అడుగున ఉన్న పెద్ద రేకులు ఇంకో జానెడు ముందుకి పోయాయి.

“రూపాయి బిళ్ల దెబ్బకి పైపై పొరలే పలుకుతాయి తాతగారూ. అంత లోతువి చెవికి అందవు. మీరు విన్నంతా నిజమే.”

బంగార్రాజు తెర దగ్గరికి వచ్చాడు. తలకి చుట్టుకున్న కండువా విప్పి నడుముకి కట్టుకున్నాడు. ఆయన అలా కట్టుకోవడం ఆ షెడ్డులో ఎవరూ చూడలేదు. వేలు తెర మీద పెట్టబోయి, మైల పడుతుందన్నట్టు వెనక్కి తీసుకున్నాడు.

“మళ్లీ చూపించమ్మా. అడుగునుంచి పైకి.”

ఆమె చూపించింది. రేకులు ముడుచుకుంటూ పైకి వచ్చాయి.

“నలభై ఏళ్లు తలుపు బయట నిలబడి లోపలి మాటలు విన్నానమ్మా,” అన్నాడు చివరికి. “లోపల ఎవరున్నారో చూద్దామని ఎన్నిసార్లు అనుకున్నానో. నువ్వు తలుపు తీసేశావు.” కండువా ముడి బిగించుకున్నాడు. “వరదల కథ ఇవాళ్టితో సరి. ఆ మావగారి ఆత్మ శాంతించింది.”

అందరి కళ్లూ ఇంకా ఆ పువ్వు మీదే ఉన్నాయి.

“ఓడాను కాబట్టి ఒక దొంగతనం కూడా ఒప్పేసుకుంటాను,” అన్నాడు బంగార్రాజు. “ఈ రెక్క నాకు పాత చుట్టమే. ఇవాళ కొత్తగా తట్టింది కాదు. మూడు వారాల కిందట ఆశీర్వాదం గారు పిలిస్తే వచ్చి తట్టాను. అప్పుడే చెప్పాను, ఇది తయారైందండీ అని. ఇంకా ఇక్కడే ఎందుకు ఉంచారో, ఇంకొకళ్లని ముంచడానికి కాకపోతే.”

“అదేనండీ,” అన్నాడు భానుతేజ, పురి చుడుతూ. “తయారైందని రిజిస్టర్లో ఉంది. అందుకే స్పేరుగా ఉంచాం. మొదటి నంబరుకి వచ్చే వారం బిగిద్దామని.”

“బిగిద్దామనా?”

“రెడీ అన్నారు కదా.”

“రెడీ అని నేనెందుకంటానండీ? తయారైంది అన్నాను.”

“తయారైందంటే రెడీ అనే కదండీ.”

బంగార్రాజు నవ్వబోయాడు. ఆ నవ్వు సగంలో ఆగిపోయింది.

ముందుగా అర్థమైంది సుప్రియకి. వాళ్ల అమ్మమ్మ ఇంట్లోనూ అటక మీద కొబ్బరికాయలు ఉండేవి. చిన్నప్పుడు ఆ కాయ చెవి దగ్గర ఊపి, లోపల గుండు గలగలమంటే, అమ్మమ్మా తయారైంది అని తనే అరిచేది. ఆమె ల్యాప్‌టాప్ వదిలేసి లేచి నిలబడింది.

“సార్, కురిడీ కాయ తయారవడం అంటే లోపలి కొబ్బరి చిప్పని వదిలెయ్యడం. నీళ్లు ఎండిపోయి, కొబ్బరి చిప్పనుంచి విడిపోయి, మధ్యలో గాలి చేరితే అది తయారైనట్టు. కాయకైతే మంచిది.” ఆమె తెర వైపు చూసింది. “తాతగారు చెప్పింది ఇదే. ఈ పువ్వే.”

“మరి నేను చెప్పేది అదేగా మొదటి నుంచీ,” అన్నాడు బంగార్రాజు నెమ్మదిగా. “తయారైందంటే విడిపోయిందనే, తీసెయ్యమనే.”

భానుతేజ ఒక్క అంగలో బల్ల దగ్గరికి వెళ్లి రిజిస్టర్ తెచ్చాడు. పేజీలు తిప్పాడు. “తట్టి చూసినది ఆశీర్వాదం అని ఉంది. తయారైనది, వాడవచ్చును అని ఉంది. సంతకం ఉంది.” తలెత్తాడు. “మీరు తట్టారంటున్నారు. ఆశీర్వాదం గారూ, ఆ రోజు మీరు తట్టలేదా?”

ఆశీర్వాదం గారు అటు తిరిగి, రెక్క మీది జెల్‌ని గుడ్డతో తుడుస్తున్నారు. పలకలేదు.

“ఆశీర్వాదం గారూ.”

గుడ్డ అదే తీరున కదులుతోంది.

ఎలాగో గానీ, బంగార్రాజు వేళ్ల సందునుంచి రూపాయి బిళ్ల జారింది. సిమెంటు గచ్చు మీద పడి ఖంగున మోగింది. ఎగిరి పడి మళ్లీ మోగింది. దొర్లుకుంటూ, గిరగిరా తిరుగుతూ, ఆ మూసిన షెడ్డులో గంటలా చాలాసేపు మోగింది. పదిహేను తలలూ దాని వైపు తిరిగాయి.

ఒక్క తల తిరగలేదు. ఆశీర్వాదం గారు రెక్క తుడుస్తూనే ఉన్నారు, బిళ్ల ఆయన చెప్పుకి తగిలి ఆగేదాకా. అప్పుడు కిందికి చూశారు. వంగి తీసుకుని, ఎవరిదని అడగడానికి వెనక్కి తిరిగి, పదిహేను మొహాలూ తననే చూస్తుండడం చూశారు.

ఆయనకి ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది.

“ఎప్పటినుంచి సార్?” అంది సుప్రియ, మాట ఆయనకి కనబడేలా ఎదుట నిలబడి.

“నాలుగేళ్లు.” ఆయన బిళ్లని అరచేతిలో పెట్టుకుని చూశారు. “ముప్ఫై ఏళ్లు ఇంజన్ల పక్కన నిలబడ్డానమ్మా. ముందు కీచురాళ్లు పోయాయి. తర్వాత చర్చిలో పాట పోయింది. చివరికి ఇదీ పోయింది, టంగుకీ టప్పుకీ తేడా. రిటైర్మెంటు ఇంకో రెండేళ్లే కదా అనుకున్నాను. బంగార్రాజు చెవి నాకు అరువిచ్చాడు. వాడి నోరు చూసి రాసుకున్నాను. తయారైంది అన్నాడు. నేను మన షెడ్డు మాటే అనుకున్నాను.”

“నేనూ అంతేనండీ,” అన్నాడు బంగార్రాజు. “మా అటక మాటే అనుకున్నాను.”

భానుతేజ ముఖం ఎర్రబడింది గానీ, కోపం తెచ్చుకోవడానికి అతనికి తీరిక దొరకలేదు. ఆశీర్వాదం గారు ఒక్కసారిగా స్టాండ్ల వైపు తిరిగారు. రెక్క పడుకున్న స్టాండు పక్కనే ఇంకో స్టాండు ఉంది. దాని మీద ఏమీ లేదు. దుమ్ములో రెక్క ఆకారం మాత్రం ఇంకా మిగిలి ఉంది, పొడుగ్గా, తెల్లగా.

ఆయన బంగార్రాజు రెండు భుజాలూ పట్టుకున్నారు.

“ఆ రోజు తయారైందని ఎన్ని రెక్కలకి చెప్పావు?”

బంగార్రాజు రెండు వేళ్లు చూపించాడు.

“రెండోది ఎక్కడుంది సార్?” అంది సుప్రియ.

భానుతేజ రిజిస్టర్ తిప్పలేదు. అతనికి గుర్తుంది. “నిన్న సాయంత్రం రెండో నంబరుకి బిగించాం. ఇవాళ పొద్దున్న అదే రిగ్గుకి వెళ్లింది.” గడియారం చూశాడు. పన్నెండుకి పది నిమిషాలు. “పదకొండు మందితో బయల్దేరిపోయి ఉంటుంది.”

రిజిస్టర్ బల్ల మీద పడేసి అతను పరుగెత్తాడు. వైర్‌లెస్ గది మైదానం అవతల ఉంది. కాళ్లకింద ఎండ మండుతోంది, టై భుజం మీంచి వెనక్కి ఎగురుతోంది. ఎక్కడ ఉంటే అక్కడే దింపెయ్యమని చెప్పాలి, చేలో అయినా, లంక ఇసకలో అయినా. మెకానిక్కులు షెడ్డు తలుపులు బార్లా తెరిచారు.

బంగార్రాజు బయటికి వచ్చి నిలబడ్డాడు. మామూలుగా ఈ వేళకి ఆయన గేటు దగ్గర ఉంటాడు. హెలికాప్టర్ ఎవరి కంటికీ కనిపించక ముందే, ఇంకెవరి చెవికీ అందక ముందే, నాలుగు రెక్కల నాలుగు దెబ్బలు విని ఫలానా నంబరు వస్తోందని చెప్పి పదకొండు బొండాలు కొట్టి ఉంచుతాడు. పొద్దున్న అది ఎగిరినప్పుడు ఆయన తోటలో బొండాలు దింపిస్తున్నాడు. కొత్త రెక్కతో దాని చప్పుడు ఇంకా వినలేదు.

ఆయన చెయ్యెత్తాడు. అందరూ ఊపిరి బిగబట్టారు. సుప్రియకి గాలి తప్ప ఏమీ వినిపించలేదు. మైదానంలో భానుతేజ ఇంకా సగం దూరంలో ఉన్నాడు.

బంగార్రాజు దక్షిణం వైపు, సముద్రం వైపు తిరిగి కళ్లు మూసుకున్నాడు. కుడిచేతి వేళ్లు తొడ మీద ఒకటొకటిగా పడడం మొదలైంది. చూపుడు వేలు, మధ్య వేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. మళ్లీ మొదటి నుంచి. నాలుగోసారికి చిటికెన వేలు పడలేదు. గాల్లోనే ఆగిపోయింది.

ఆశీర్వాదం గారు ఆయన ఎదుటికి వచ్చి, నోటివంకే చూస్తూ నిలబడ్డారు.

“చెప్పు బంగార్రాజూ. ఈసారి నీ మాటే అర్థం చేసుకుంటాను.”

“మూడు బాగానే ఉన్నాయండీ,” అన్నాడు బంగార్రాజు, కళ్లు తెరవకుండా. “నాలుగోది తయారైంది.”